రెండో ఆవిడ పాట

మొదటి రోజు, గురువారం: ఎడిన్‌బరా

న్యూకాజిల్‌లో రైలెక్కి కూర్చున్నామో లేదో అత్తయ్య అడిగారు. "ఇంతకీ ఆ పాట పేరేటన్నావే?"

"నీల్ గౌ అనే ఆయన, వాళ్ళావిడ పోయినప్పుడు కట్టిన బాణీ అత్తయ్యా" అన్నాను. మధ్యలో ఒక మాట మింగేశాను. ఆవిడ తలూపి కిటికీ వైపు తిరిగారు. ఆ దారిలో రైలు చాలాసేపు సముద్రం పక్కనే పోతుంది కాబట్టి సరిపోయింది.

సంగతేమిటంటే, అత్తయ్య మూడు నెలలుందామని విజయనగరం నుంచి వచ్చారు. పెళ్ళికి ముందు అక్కడి సంగీత కళాశాలలో నాలుగేళ్ళు ఫిడేలు నేర్చుకున్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన కాలేజీ అది. పెళ్ళయ్యాక ఫిడేలు పెట్టెలోకి, పెట్టె అటక మీదికి వెళ్ళిపోయాయి. మొన్నొక సాయంత్రం నేను వంట చేస్తూ ఫోన్లో ఏవో పాటలు పెట్టుకుంటే, అందులోంచి ఒక ఫిడేలు బాణీ వచ్చింది. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నావిడ చెయ్యి ఆపేశారు. "శంకరాభరణంలా ఉంది. తిశ్రం నడక. ఎవరిదే ఇది?" అన్నారు.

ఫోన్ చూస్తే పేరు బారెడుంది: నీల్ గౌస్ లేమెంట్ ఫర్ ద డెత్ ఆఫ్ హిజ్ సెకండ్ వైఫ్. అంటే, తన రెండో భార్య పోయినప్పుడు నీల్ గౌ పడ్డ శోకం.

మా ఇంట్లో ఆ 'రెండో' అన్న మాటని ఎవరం వాడం. అత్తయ్య మా మావయ్యగారికి రెండో సంబంధం. కన్నతల్లి పోయేనాటికి మా ఆయనకి నాలుగేళ్ళు. మరుసటేడు అత్తయ్య వచ్చారు. ఆవిడకి వేరే పిల్లలు లేరు. మా ఆయన ఇప్పటికీ 'పిన్నీ' అనే పిలుస్తారు. వీధిలో వాళ్ళు మాత్రం చాలా ఏళ్ళు 'మాస్టారి రెండో ఆవిడ' అనేవారట. ఇవన్నీ తెలిసినదాన్ని కనుక ఆ పేరుని సగానికి కత్తిరించి చెప్పాను. స్కాట్లండ్ రైలెక్కితే ఆ పాట పుట్టిన ఊరు కొన్ని గంటల దూరమే అని నోరు జారడం కూడా నా తప్పే. "అయితే చూపించు" అన్నారావిడ. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఇద్దరమే బయల్దేరాం.

ఎడిన్‌బరాలో మొదట చూసింది క్వీన్ స్ట్రీట్‌లోని పోర్ట్రెయిట్ గ్యాలరీ. 1889లో తెరిచిన ఎర్రరాతి భవనం, చూడ్డానికి చర్చిలా ఉంటుంది. టికెట్ లేదు. హెన్రీ రేబర్న్ గీసిన నీల్ గౌ చిత్రం ఇక్కడిదే. గళ్ళ నిక్కరు, గళ్ళ మేజోళ్ళు, నల్ల కోటు, కుర్చీలో కూర్చుని ఫిడేలు వాయిస్తున్న పెద్దాయన. రాజుల మధ్య, ప్రభువుల మధ్య రైతులా కనిపించే మనిషి. చూసేవాళ్ళ కోసం కూర్చున్నట్టు ఉండడు, పాట మధ్యలో ఉన్నట్టుంటాడు.

అత్తయ్య మొహం వైపు చూడనే లేదు. చేతులే చూశారు. "చుబుకం ఎక్కడ పెట్టాడో చూశావా? తీగలు కట్టే పలకకి కుడిపక్క. ఇప్పుడంతా ఎడమపక్క పెడతారు కదా" అన్నారు. నిజమే. చుబుకం ఆనించుకునే చెక్క వచ్చిందే 1820 ప్రాంతంలో, లూయీ ష్పోర్ అనే జర్మన్ విద్వాంసుడి పుణ్యమా అని. గౌ కాలానికి అదింకా లేదు. అది లేకుండానే ఆయన రాత్రంతా నాట్యాలకి వాయించేవాడు. కమానుని కింది నుంచి పైకి తోసే ఊపులో ఆయనకి సాటి లేరని అప్పటివాళ్ళు చెప్పుకునేవారు. మామూలుగా పైకి తోసేటప్పుడే కమాను బలం తగ్గుతుందట. ఇది అత్తయ్య చెప్పిందే, నాకేం తెలుసు.

గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఉద్యోగి మా ఆసక్తి చూసి లేచి వచ్చి ఫిడేలు గురించి రెండు ముక్కలు చెప్పాడు. అత్తయ్య నా చెయ్యి గిల్లారు. "ఏటి, వీళ్ళూ ఫిడేలనే అంటారా?"

మనం ఫిడేలన్న మాటని మొరటు మాటని మూలకి తోసేసి, వయొలిన్ అంటే మర్యాద అనుకుంటాం. ద్వారం వారిని మాత్రం జనం ఫిడేలు నాయుడు గారనే అన్నారు. ఇక్కడ లెక్క వేరు. వాద్యం ఒకటే. కచేరీలో కూర్చుంటే వయొలిన్, నాట్యానికీ ఊరి పాటకీ దిగితే ఫిడేలు.

బయట మెట్ల మీద కూర్చుని పులిహోర తింటూ అత్తయ్య నాకు పాఠం చెప్పారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు 1786లో పుట్టారు. మద్రాసులో ఒక దొర దగ్గర ఈ వాద్యం నేర్చుకుని, మన సంగీతానికి దాన్ని వంచినవారు ఆయనే. కోట బ్యాండుల బాణీలు విని ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతంలో సాహిత్యం కట్టారు, వాటిని నొట్టుస్వరాలంటారు. 'సంతతం పాహిమాం' ఇంగ్లీషు రాజుగారి ప్రార్థనాగీతం, 'వందే మీనాక్షి' ఐరిష్ వాళ్ళ చిందుపాట. "అంటే ఈ గళ్ళ నిక్కరు ముసలాయన ఇక్కడ వాయిస్తున్న రోజుల్లోనే అక్కడ బాలుస్వామి గారు పుట్టి పెరుగుతున్నారన్నమాట" అని, చేతికంటిన పసుపుని చూసుకున్నారు.

గ్యాలరీకి దగ్గర్లోనే జార్జ్ స్ట్రీట్. అక్కడి సెయింట్ ఆండ్రూస్ చర్చి గంటల మోతనీ, తాజా హెర్రింగ్ చేపలమ్ముకునే ఆడవాళ్ళ కేకనీ కలిపి నీల్ కొడుకు నథానియల్ 'కాలర్ హెర్రిన్' అనే బాణీ కట్టాడు. 'కాలర్' అంటే తాజా. ఈ నథానియల్‌ని గుర్తుపెట్టుకోవాలి. తండ్రి వాయిస్తే కొడుకు అచ్చువేశాడు. ఎడిన్‌బరాలో సంగీతం పుస్తకాల వ్యాపారం పెట్టి గౌ ఇంటి పేరుని దేశమంతా పంచింది ఇతనే. ఆ వీధిలో ఇప్పుడు చేపలమ్మా లేదు, కేకా లేదు. ఖరీదైన బట్టల కొట్లున్నాయి. చలికి అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాం.

రెండో రోజు, శుక్రవారం: పెర్త్ మీదుగా డంకెల్డ్

పొద్దున్న ప్లాట్‌ఫాం మార్చారని చూసుకోక ఒక రైలు పోగొట్టుకున్నాం. అత్తయ్య చీర మీద స్వెట్టరు, దాని మీద మా ఆయన కోటు వేసుకుని ఫోర్త్ నది మీది పెద్ద ఇనుప వంతెన కోసం కిటికీకి అతుక్కుపోయారు.

పెర్త్‌లో రైలు కాసేపు ఆగింది. ఈ ఊరు దాటేలోగా చెప్పాల్సిన సంగతులు రెండున్నాయి. నీల్ 1727 మార్చిలో స్ట్రాత్‌బ్రాన్ లోయలో పుట్టాడు. కులవృత్తిలా అబ్బినది నేతపని. పదమూడో ఏట జాన్ కామెరాన్ అనే ఫిడేలు గురువు దొరికాడు. 1745 ప్రాంతంలో, పద్దెనిమిదేళ్ళ కుర్రాడిగా ఒక పోటీకి వెళ్ళాడు. న్యాయనిర్ణేత జాన్ మెక్రా గుడ్డివాడు. ఎవరు వాయిస్తున్నారో ఆయనకి చెప్పరు. బహుమతి నీల్‌కే ఇచ్చి, వందమంది వాయించినా ఈ కుర్రాడి కమాను నేను గుర్తుపడతానన్నాడట. ఈ ముక్క విని అత్తయ్య పొంగిపోయారు. "అదీ పరీక్షంటే. మొహం చూడకుండా."

రెండోది ఆ రెండో ఆవిడ పుట్టిల్లు. మార్గరెట్ అర్కర్ట్‌ది పెర్త్. 1768లో నీల్‌ని చేసుకుంది. అప్పటికాయన భార్య పోయిన మనిషి. ఐదుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళని కన్న ఆ మొదటి భార్య పేరు కూడా మార్గరెట్టే, మార్గరెట్ వైజ్‌మన్. ఇది నేను అత్తయ్యకి చెప్పలేదు. "వాళ్ళావిడది ఈ ఊరే" అని మాత్రం అన్నాను. ఆవిడ స్టేషన్‌ని కాస్త శ్రద్ధగా చూశారు.

డంకెల్డ్, బర్నమ్ రెండూర్లకీ ఒకటే స్టేషను. రైలు గుమ్మానికీ ప్లాట్‌ఫాంకీ మధ్య ఎత్తు చూసి అత్తయ్యకి టెన్షన్ పట్టుకుంది. గార్డు చెయ్యందించాడు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, గార్డు చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని, 'నారాయణా' అంటూ దిగారు.

బర్నమ్ నుంచి డంకెల్డ్‌కి వెళ్ళాలంటే టే నది దాటాలి. వంతెన టెల్ఫర్డ్ అనే ఇంజనీరు కట్టినది, 1809 నాటిది. నీల్ గౌ చచ్చిపోయిన రెండేళ్ళకి పూర్తయింది. అంటే ఆయన బతుకంతా పడవ మీదే దాటాడు. పెళ్ళివారింట్లో తెల్లారేదాకా వాయించి, ఫిడేలు చంకలో పెట్టుకుని రేవు దగ్గర నిలబడ్డ మనిషిని ఊహించుకుంటే, ఆయన గురించి చెప్పే జోకు ఇంకా బాగుంటుంది. ఒకసారి బాగా తాగి దూరం ఊరినుంచి నడిచొస్తుంటే ఎవరో, దారి బాగా పొడుగైపోయిందా అని అడిగారట. "పొడుగుతో ఏం బాధలేదయ్యా, వెడల్పే చంపేసింది" అన్నాడట.

అత్తయ్య వంతెన మధ్యలో ఆగి నవ్వుతుంటే పక్కన పోయేవాళ్ళు కూడా నవ్వారు.

తాగుడంటే గుర్తొచ్చింది. పంటలు దెబ్బతిని 1799లో బార్లీతో విస్కీ కాచడాన్ని ఆపేశారు. దానికాయన 'విస్కీకి వీడ్కోలు' అని ఒక బాణీ కట్టాడు. తర్వాత 'విస్కీకి మళ్ళీ స్వాగతం' కూడా వచ్చింది. "పెళ్ళానికో పాట, సారాకి రెండు పాటలా?" అన్నారు అత్తయ్య. సమాధానం చెప్పలేకపోయాను.

నదికి బర్నమ్ వైపునే లిటిల్ డంకెల్డ్ చర్చి. నీల్‌ని పూడ్చింది ఆ ఆవరణలోనే. పాత సమాధిరాయిని వానకి చెడకుండా డంకెల్డ్ కథీడ్రల్ మ్యూజియంలోకి తీసుకెళ్ళారు. గడ్డి తడిగా ఉంది, రాళ్ళ మీద నాచు. ఒక ముసలాయన కుక్కని తిప్పుతూ మమ్మల్ని చూసి, అడక్కుండానే "గౌ కోసమేనా?" అని అడిగి చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. మా లాంటి వాళ్ళు వస్తూనే ఉంటారు కాబోలు. చీర కట్టుకున్నవాళ్ళు రావడం మాత్రం అరుదై ఉంటుంది.

రాత్రి బస చేసిన ఇంట్లో హీటరు మొరాయించింది. ఇంటావిడ రెండు దుప్పట్లు ఎక్కువిచ్చి బోలెడు సారీలు చెప్పింది. అత్తయ్య దుప్పట్లోంచి, "ఎనభయ్యేళ్ళు ఈ చలిలో వేళ్ళెలా ఆడించాడే బాబూ" అన్నారు. అదే ఆ రోజు ఆఖరి మాట.

మూడో రోజు, శనివారం: ఇన్వర్, ఓక్ చెట్టు, రాత్రి పబ్బు

కథీడ్రల్ నది ఒడ్డునే ఉంది. సగం పైకప్పు లేని శిథిలం, సగం ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చి. సమాధిరాయి చూద్దామని వెళితే పెళ్ళి జరుగుతోంది. తలుపులు మూసేశారు. గళ్ళ కిల్టులు కట్టిన మగపెళ్ళివారు బయట వణుకుతూ ఫోటోలు దిగుతున్నారు. అంత దూరం వచ్చి రాయి చూడలేకపోయామని నాకు బెంగ. అత్తయ్యకి మాత్రం పెళ్ళికూతురు తెల్ల గౌను వెనక పది అడుగుల గుడ్డని ఇద్దరు పిల్లలు మోయడం చూస్తే చాలనిపించింది.

ఇన్వర్ డంకెల్డ్‌కి మైలు దూరం లేదు. నీల్ బతికిన ఇల్లు ఉంది. ఇప్పుడెవరో కాపురముంటున్నారు, అందుకని బయట నుంచే చూసి వచ్చేశాం. చిన్నిల్లు. 1787 ఆగస్టు చివర్లో, కొత్త సంవత్సరం రాత్రి ప్రపంచమంతా పాడే 'ఆల్డ్ లాంగ్ సైన్' రాసిన రాబర్ట్ బర్న్స్ ఈ ప్రాంతానికి వచ్చినప్పుడు నీల్‌ని కలిసి, ఫిడేలు విన్నాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడనీ, నెరిసిన జుట్టు నుదుటి మీద పాయ తీసుకుని ఉందనీ, మొహంలో తెలివీ కల్లాకపటం లేని మంచితనమూ కనిపిస్తున్నాయనీ డైరీలో రాసుకున్నాడు. మొన్న గ్యాలరీలో చూసిన బొమ్మకీ దీనికీ తేడా లేదు. ఆ చిన్న ఇంట్లో ఎనిమిది మంది పిల్లలు. బర్న్స్ వచ్చిన రోజున వాళ్ళకి టీ కాచిందో, ఇంకేం పోసిందో, మార్గరెట్ అక్కడే ఎక్కడో ఉండి ఉండాలి. డైరీలో ఆవిడ పేరే తప్ప మొహం లేదు.

బ్రాన్ నది ఒడ్డున హెర్మిటేజ్ అనే అడవి దారి ఉంది, జలపాతం, దాని పైన ప్రభువుల సరదా మండపం. ఆకాశమంత ఎత్తు డగ్లస్ ఫిర్ చెట్లు. అక్టోబరులో సామన్ చేపలు ఎగురుతాయంటే అరగంట నిలబడ్డాం. ఒకటే ఎగిరింది. అదీ అత్తయ్యే చూశారు, నేను అప్పుడు ఫోన్ తుడుచుకుంటున్నాను.

టే ఒడ్డు వెంట బురదలో జారుకుంటూ వెళితే నీల్ గౌ ఓక్ వస్తుంది. ఆయన దీని కింద కూర్చుని బాణీలు కట్టేవాడని ఊరంతా చెప్పే చెట్టు. మూడు వందల ఏళ్ళ పైబడ్డది. మొదలు ఏనుగు కాలులా, కొమ్మలు నది మీదికి. పక్కనే బల్ల ఉంది. అత్తయ్య బురద చెప్పులు విప్పి, బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఫోన్లో ఆ బాణీ పెట్టమన్నారు. సిగ్నల్ లేదు. అప్పుడు ఆవిడే కూనిరాగం తీశారు. ఎక్కడో ఒక చోట దారి తప్పింది, మళ్ళీ మొదలెట్టారు. తొడ మీద వేళ్ళు మూడేసి, మూడేసి.

"ఒక్కటి నాకర్థం కాదే" అన్నారు. "మా ఊళ్ళో చావింట్లో ఆడవాళ్ళు శోకాలు పెడతారు కదా, రాగం తీసి, పోయినవాళ్ళ గుణాలన్నీ చెప్పి. అది వింటే గుండె పిండేస్తుంది. దీన్ని శోకం అంటున్నావు. శంకరాభరణంలో ఎవరైనా ఏడుస్తారా?"

ఇది నాక్కూడా వింతే. పాశ్చాత్యుల లెక్కలో ఏడుపు పాటకి మైనర్ వరస ఉంటుందంటారు. ఇది మేజర్, మన శంకరాభరణం వరస. రెండే భాగాలు. మొదటి భాగం ఇంట్లో తిరుగుతున్నట్టుంటుంది. రెండో భాగం పై స్థాయికి ఎక్కి, అక్కడ ఉండలేనట్టు దిగి వస్తుంది. అంతే. అత్తయ్య మాటల్లో చెప్పాలంటే, "పోయిందని ఏడవడం లేదు, ఉన్నప్పటి సంగతి చెప్పుకుంటున్నాడు."

ఆ రాత్రి పబ్బులో వాయిస్తారని ఇంటావిడ చెప్పింది. పబ్బంటే అత్తయ్య మొదట వద్దన్నారు. ఫిడేళ్ళుంటాయంటే ఒప్పుకున్నారు. స్టేజీ లేదు, మైకు లేదు. కిటికీ పక్క బల్ల చుట్టూ ఏడుగురు, నాలుగు ఫిడేళ్ళు, ఒక అకార్డియన్, గిటారు, ఒక సెల్లో. సెల్లో చూసి నాకు సంబరం. డేవిడ్ అలన్ 1780లో గీసిన ఆథోల్ పెళ్ళి చిత్రంలో నీల్ ఫిడేలు వాయిస్తుంటే పక్కన తమ్ముడు డోనల్డ్ సెల్లోతో ఉంటాడు. అప్పట్లో నాట్యమంటే ఈ జంటే. ముందు స్ట్రాత్‌స్పేలు వాయించారు. అది స్కాట్లండ్ సొంత నడక: గబుక్కున ఒక పొట్టి స్వరం, వెంటనే దాన్ని లాగే పొడుగు స్వరం, కుంటుతున్నట్టే ఉండి కాలు నేల మీద నిలవనివ్వదు. తర్వాత రీలు, అది పరుగే పరుగు. ఒకదాని తోకకి ఒకటి ముడేస్తూ ఆపకుండా పోతారు. అత్తయ్య నిమ్మ సోడా గ్లాసు పక్కన పెట్టి, చేత్తో తాళం మొదలెట్టేశారు.

కాసేపటికి అందులో తెల్లజుట్టు పెద్దావిడ మమ్మల్ని చూసి, ఏదైనా కావాలా అని అడిగింది. నేను చెప్పకముందే అత్తయ్య "నీల్ గౌ" అన్నారు, కూనిరాగం రెండు ముక్కలు అందించారు. ఆవిడ మొహం విప్పారింది. పబ్బంతా వినేలా గట్టిగా చెప్పింది, పూర్తి పేరు. సెకండ్ వైఫ్ దగ్గర ఒత్తి మరీ పలికింది. ఎవరో నవ్వారు. ఆ పేరుకి నవ్వడం ఇక్కడ అలవాటట.

అత్తయ్య నా వైపు తిరిగి ఒక్క చూపు చూశారు. ఇంతలో పాట మొదలైంది.

మొదటిసారి ఆవిడొక్కతే వాయించింది. రెండోసారి సెల్లో కింద నుంచి చేరింది. పబ్బులో గ్లాసుల చప్పుడు కూడా ఆగిపోయింది. అయిపోయాక చప్పట్లకి ముందు ఒక చిన్న ఖాళీ వచ్చింది.

"సెకండ్ వైఫా?" అన్నారు అత్తయ్య.

"అవునత్తయ్యా."

"మరి రైల్లో చెప్పలేదేటి? నేనేమైనా అనుకుంటాననా?"

నేను మాట్లాడలేదు. ఆవిడ సోడా కొంచెం తాగి, "పిచ్చిదానా" అన్నారు. తర్వాత, "మొదటావిడకి కట్టలేదా?" అన్నారు. ఈ ప్రశ్న నేను తెల్లజుట్టావిడకి ఇంగ్లీషులో అందించాను. అందరూ అడిగేది అదేనని పగలబడి నవ్వి, ఆవిడ తన కథ చెప్పింది. భార్య పోయాక నీల్ ఫిడేలు ముట్టుకోవడం మానేశాడని, స్నేహితులు బతిమాలి చేతికిస్తే మొదట వచ్చింది ఈ బాణీ అని ఇక్కడ చెప్పుకుంటారట. ఆవిడ తన భర్త అంత్యక్రియల్లో ఇదే వాయించిందట. ఇంకోసారి ఒక పెళ్ళికూతురు పేరు తెలియక, ఈ పాటే కావాలని పట్టుబట్టి చర్చిలోకి దీంతోనే నడిచిందట. "పేరు చెప్పావా?" అని అడిగాను. "పెళ్ళి రోజున ఎవరైనా చెబుతారా? మింగేశాను" అంది.

అత్తయ్యకి అది అనువదించి చెబితే, నా వీపు మీద ఒకటి చరిచారు.

నాలుగో రోజు, ఆదివారం: బ్లేర్ ఆథోల్, తిరుగు రైలు

ఆదివారం రైళ్ళు తక్కువ. ఒకటి దొరికించుకుని బ్లేర్ ఆథోల్ వెళ్ళాం. బ్లేర్ కోట సున్నం కొట్టిన మన పాత జమీందారీ భవంతిలా తెల్లగా మెరుస్తుంది. ఆథోల్ ప్రభువులది. బ్రిటన్‌లో ముట్టడికి గురైన ఆఖరి కోట ఇదే, 1746లో. ఒకరి తర్వాత ఒకరు ఆథోల్ ప్రభువులు నీల్‌కి ఆసరాగా ఉన్నారు. వాళ్ళ విందుల్లోనూ, వాళ్ళ చుట్టాల విందుల్లోనూ ఆయనే.

గదులు ముప్పై దాకా ఉన్నాయి, కత్తులు, గిన్నెలు, పందిరి మంచాలు. మేం గబగబా దాటేశాం. నాట్యశాల గోడల నిండా దుప్పి కొమ్ములు. అక్కడే నీల్ ఫిడేలు, ఆయన కూర్చున్న కుర్చీ, పైన ఆయన చిత్రం. అత్తయ్య ఫిడేలు ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. నేను భక్తనుకున్నాను. "తీగలు చూడు" అన్నారు చివరికి. "ఎవరూ శ్రుతి చేసి ఎన్నాళ్ళైందో. మా అటక మీదిదీ ఇలాగే ఉంటుంది." అంతకంటే ఏమీ అనలేదు. బయట కెఫేలో చిప్స్ తిన్నాం.

తిరుగు రైల్లో ఆవిడ అడగడం మొదలెట్టారు. దాచినదంతా చెప్పాల్సి వచ్చింది. ఇద్దరూ మార్గరెట్లే అన్నాను. పిల్లలంతా మొదటావిడ పిల్లలే, అర్కర్ట్ మార్గరెట్‌కి పిల్లల్లేరన్నాను. 1805లో పోయిందనీ, అప్పటికి నీల్‌కి 78 ఏళ్ళనీ, తర్వాత ఆయన రెండేళ్ళే బతికి, 1807 మార్చి 1న 80 నిండకుండానే పోయాడనీ చెప్పాను.

"ఆ పేరు ఎవరు పెట్టారు?" అన్నారు.

"ఏ పేరు?"

"పాట పేరే. 'నీల్ గౌ, తన రెండో భార్య' అని ఉంది కదా. పెళ్ళాం మీద పాట కట్టుకున్నవాడు తన పేరు తనే పెట్టుకుని, 'తన' అని రాసుకుంటాడా? అది పక్కవాళ్ళు పెట్టిన పేరు."

నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. బాణీ అచ్చయింది 1809లో, గౌ వాళ్ళ ఐదో సంపుటంలో. అప్పటికి నీల్ లేడు. వేయించింది నథానియల్, చేపల పాట కొడుకు. గౌ పుస్తకాల మీద మాట పడని రోజు లేదనుకోండి. జాన్ గ్లెన్ అనే ఆయన 1895లో లెక్క తీసి, నీల్ పేరు మీదున్న 87 బాణీల్లో కనీసం పావు వంతు పాత బాణీలకో ఇతరుల బాణీలకో రూపాలేనని తేల్చాడు. అత్తయ్యకి అది పెద్ద నేరంగా తోచలేదు. వరస ఒకటి విని నాలుగు చోట్ల తిప్పనివాడు ఫిడేలే పట్టుకోడన్నారు. ఈ బాణీ మాత్రం ఆయనది కాదని ఆవిడ ముందు ఎవరూ అనకూడదన్నట్టు ఉంది ఆవిడ మొహం.

"ఆ నథానియల్‌కి, ఈవిడ వచ్చేనాటికి ఎన్నేళ్ళు?"

"1763లో పుట్టాడు. పెళ్ళి 68లో. ఐదేళ్ళు."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. టే నది ఒకసారి కనిపించి చెట్ల వెనక్కి పోయింది.

"అచ్చులో బాణీతో పాటు ఒక ముక్క కూడా వేశారత్తయ్యా, వాళ్ళిద్దరూ ముప్పై ఏళ్ళ పైచిలుకు కలిసి బతికారని."

"అది రాసింది కూడా ఆ పిల్లాడేనా?"

"అతనే అయ్యుండాలి. పుస్తకం అతనిదే కదా."

"సరే అయితే" అన్నారు. ఏది సరే అయిందో చెప్పలేదు.

పెర్త్ దాటాక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పాలు, కూరగాయల లెక్కలు రాసుకునే నోటుబుక్కు తీశారు. వెనక పేజీ నుంచి మొదలెట్టి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ బాణీని తెలుగులో స్వరపరిచారు. ఒక గీతకి ఆరేసి అక్షరాలు. తప్పితే కొట్టేసి మళ్ళీ రాశారు. మాకెదురుగా కూర్చున్న కుర్రాడు హోమ్‌వర్క్ అనుకున్నాడో ఏమో, తన రబ్బరు ఇచ్చాడు. ఎడిన్‌బరా వచ్చేసరికి రెండు భాగాలూ అయిపోయాయి. పైన పేరు రాయాలి. 'మార్గరెట్ పాట' అని రాసి, కింద 'శంకరాభరణం, తిశ్రం' అని రాశారు.

నాకు చాలా నచ్చింది. ఫోటో తీసి మా ఆయనకి పంపబోతుంటే ఆగమన్నారు.

"ఇద్దరూ మార్గరెట్లే అన్నావు కదా? ఏ మార్గరెట్టో చదివినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"ఇంటిపేరు పెట్టండి, అర్కర్ట్ అని."

"అది వాళ్ళ నాన్నది. అదెందుకు?"

కాసేపు పెన్ను మూత కొరికారు. తర్వాత 'మార్గరెట్'కి ముందు పై గీతలో చిన్నగా, ఇరికించి 'రెండో' అని రాసి, కింద ఒక బాణం గుర్తు పెట్టారు.

"ఇప్పుడు పంపు" అన్నారు.